ఆదివారం సైకిలా, ఆరు రోజుల సైకిలా?

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఔటర్ రింగు రోడ్డు పక్కకు వెళ్తే కార్ల డిక్కీల్లోంచి సైకిళ్లు దిగుతూ కనిపిస్తాయి. ముందు చక్రం ఊడదీసి తెచ్చినవాళ్లు అక్కడే బిగించుకుంటారు. బొటనవేలితో టైరు నొక్కి గాలి చూసుకుని, హెల్మెట్ పట్టీ బిగించి, సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్ మీదికి ఒక్కొక్కరే జారుకుంటారు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, బొటనవేలి మందం టైర్లు, ఒంటిచేత్తో పైకి లేచే బరువు. చాలావరకు ఇలాంటి సైకిళ్లే.

ఈ ట్రాక్ 2023 అక్టోబరు 1న మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ కూడలి దాకా ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, వెరసి 23. వెడల్పు నాలుగున్నర మీటర్లు. నెత్తిమీద పరిచిన పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. గుంత లేదు, ఆటో లేదు, ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే మోటార్ సైకిల్ లేదు. అలాంటి చోట సన్నటి టైర్ల సైకిల్ తొక్కుతుంటే కలిగే ఆనందం మాటల్లో చెప్పడం కష్టం. పెడల్ మీద కాస్త బరువు వేస్తే చాలు, సైకిల్ ముందుకు ఉరుకుతుంది.

సోమవారం సంగతి వేరు. అదే మనిషి అదే సైకిల్ మీద మియాపూర్ నుంచి రాయదుర్గానికి ఆఫీసుకు బయల్దేరితే ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టాలి? కేరియర్ లేదు, బిగించుకుందామంటే ఫ్రేముకు కన్నాలు లేవు. వీపున బ్యాగు తగిలించుకుంటే పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. వాన పడితే మడ్‌గార్డు లేని వెనక చక్రం బురదతో వెన్ను మీద గీత గీస్తుంది. మ్యాన్‌హోల్ మూత అంచు, రోడ్డు తవ్వి పూడ్చిన గాడి, వరసగా నాలుగు స్పీడ్ బ్రేకర్లు... ఆదివారం హాయినిచ్చిన సైకిలే సోమవారం మణికట్లకు నొప్పి పుట్టిస్తుంది.

హైటెక్ సిటీ చుట్టుపక్కల సైకిల్ కొనడానికి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే. హుషారుగా ఉరికే రోడ్ బైకా, బరువులు మోసే టూరింగ్ సైకిలా? తెలుగులో బైక్ అంటే మోటార్ సైకిలే అయినా, ఈ సైకిల్‌కు మాత్రం తొక్కేవాళ్ల నోట రోడ్ బైక్ అన్న పేరే స్థిరపడింది. ఇక్కడా అలాగే అనుకుందాం.

చూపుకు రెండూ ఒకేలా అనిపించవచ్చు. చాలా టూరింగ్ సైకిళ్లకూ వంగిన హ్యాండిలే ఉంటుంది. అసలు తేడా తెలియాలంటే టేపు పట్టుకుని కొలవాలి. రోడ్ బైక్‌లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం దాదాపు మీటరు. టూరింగ్ సైకిల్‌లో అది 105 సెంటీమీటర్లకు అటూ ఇటూ. పెడళ్లు తిరిగే ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా కొలిస్తే రోడ్ బైక్‌లో 41 సెంటీమీటర్లు ఉంటే టూరింగ్‌లో 44 నుంచి 46.

మూడు నాలుగు సెంటీమీటర్లతో ఏమవుతుంది అనిపిస్తుంది. వెనక కేరియర్‌కు రెండు పక్కలా సంచులు తగిలించి తొక్కి చూస్తే తెలుస్తుంది. వెనక భాగం పొట్టిగా ఉంటే పెడల్ తిప్పిన ప్రతిసారీ మడమ సంచికి తగులుతుంది. పొడవుగా ఉంటే తగలదు. బరువంతా వెనక ఇరుసు అవతలికి పోకుండా ముందుకు ఉండటంతో ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోదు, దిగేటప్పుడు తోక ఊగదు. పదిహేను కిలోల సామానుతో కూడా సైకిల్ గీత గీసినట్టు పోతుంది. రోడ్ బైక్ కోరేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పొట్టి ఫ్రేము, నిటారుగా నిలిచిన ముందు ఫోర్కు, పలుచటి గొట్టాలు. నడుము కాస్త వంచితే చాలు, మలుపు తిరుగుతుంది. హుషారంటే అదే. సామాను వేస్తే మాత్రం ఆ హుషారే తడబాటు అవుతుంది.

నిజానికి తెలుగువాళ్లకు టూరింగ్ సైకిల్ కొత్తదేమీ కాదు. 28 అంగుళాల చక్రాలు, నిండు మడ్‌గార్డులు, చైన్ కవరు, ఇనుప కేరియర్, బలమైన స్టాండు ఉన్న నల్ల సైకిల్ ఒకప్పుడు ప్రతి వీధిలోనూ ఉండేది. పాల క్యాన్లు, బియ్యం బస్తా, గడ్డిమోపు, ముందు కడ్డీ మీద పిల్లాడు, వెనక కేరియర్ మీద ఇల్లాలు. ఏది ఎక్కించినా మోసింది. చేతులు వదిలేసి తొక్కినా తిన్నగా పోయేది. దాని ఫ్రేము పొడవుగా, ఫోర్కు ఏటవాలుగా ఉండటమే అందుకు కారణం. బరువు ఇరవై కిలోలు దాటేది, గేర్లు ఉండేవి కావు, కడ్డీ బ్రేకులు వానలో సరిగ్గా పట్టేవి కావు. ఆ మూడు లోపాలూ సరిదిద్దితే వచ్చేదే నేటి టూరింగ్ సైకిల్.

బరువు గురించి చాలామందికి అవసరానికి మించిన బెంగ ఉంటుంది. పోటీల్లో తొక్కే సైకిల్ 6.8 కిలోల కన్నా తక్కువ ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000లో నియమం పెట్టింది. దుకాణాల్లో మామూలుగా దొరికే రోడ్ బైకులు ఎనిమిది నుంచి పదకొండు కిలోలు తూగుతాయి. టూరింగ్ సైకిల్ పన్నెండు నుంచి పదిహేను. లెక్క వేద్దాం. తొక్కే మనిషి 70 కిలోలు, రోడ్ బైక్ 9, టూరింగ్ 14 అనుకుంటే మొత్తం బరువుల్లో తేడా ఆరు శాతం. వికారాబాద్ దాటాక అనంతగిరి ఘాట్ లాంటి ఎక్కుడులో రోడ్ బైక్‌కు ఇరవై నిమిషాలు పడితే, అదే కష్టంతో టూరింగ్ సైకిల్‌కు ఇరవై ఒక నిమిషం పైచిలుకు. చదును రోడ్డు మీద ఆ మాత్రం తేడా కూడా కనిపించదు. గంటకు పాతిక కిలోమీటర్లు దాటాక సైకిలిస్టును ఆపేది బరువు కాదు, గాలి. నడుము వంచి కూర్చునే భంగిమ ముందు అయిదు కిలోల ఉక్కు లెక్కలోకి రాదు.

ఆఫీసు ప్రయాణంలో ఈ తేడా ఇంకా తేలిపోతుంది. పది కిలోమీటర్లు గంటకు 20 చొప్పున తొక్కితే అరగంట. 18 చొప్పున తొక్కితే ముప్పై మూడు నిమిషాలు. కొత్తగూడ కూడలిలో ఒక్క ఎర్రదీపం పడితే ఆ మూడు నిమిషాలూ అక్కడికే సరి.

గేర్ల సంగతి అంత తేలిగ్గా తీసేయడానికి లేదు. హైదరాబాద్ రాతి పీఠభూమి మీద ఊరు. ఖాజాగూడ అయినా, నార్సింగి నుంచి గండిపేట దారి అయినా, కోకాపేట అయినా ఎత్తుపల్లాలే. రోడ్ బైకుల్లో ఎక్కువగా కనిపించే అమరిక తీసుకుంటే, ఎక్కుళ్లకు పనికొచ్చే చిన్న గేరులో ముందు 34 పళ్ల చక్రం, వెనక 28 పళ్ల చక్రం ఉంటాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ రెండున్నర మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగం. ఎక్కుడు బాగా నిటారుగా ఉండి అంత వేగం అందుకోలేకపోతే మిగిలేది మోకాళ్ల మీద భారమే. చాలా టూరింగ్ సైకిళ్లకు ముందు మూడు పళ్ల చక్రాలు ఉంటాయి. అన్నిటికన్నా చిన్నదానికి 26 పళ్లు, వెనక పెద్దదానికి 34 పళ్లు అనుకుంటే ఒక చుట్టుకు 1.6 మీటర్లే. గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో, ఆయాసం లేకుండా, సామానుతో సహా పైకి చేరవచ్చు. శ్రీశైలం దారిలో నల్లమల ఘాట్లు ఎక్కేవాళ్లకు ఈ తేడా ఎంత విలువైనదో మోకాళ్లే చెబుతాయి.

రెండింటినీ నిజంగా వేరు చేసేది టైరు. సన్నగా, రాయిలా గట్టిగా ఉంటేనే వేగం అని దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. పోటీల్లో తొక్కేవాళ్లు 23 మిల్లీమీటర్ల టైర్లు వాడేవారు. గత పదిహేనేళ్లలో వాళ్లే 25కు, ఆ తర్వాత 28కి మారారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. అద్దంలాంటి నేల మీద గట్టి టైరు బాగానే దొర్లుతుంది. మామూలు తారు మీద మాత్రం ప్రతి కంకర గుండుకూ సైకిల్‌నూ మనిషినీ కలిపి పైకి ఎగరేస్తుంది. ముందుకు పోవాల్సిన శక్తి ఒళ్లు కుదపడానికి ఖర్చవుతుంది. 25 మిల్లీమీటర్ల టైరుకు దాదాపు 90 పీఎస్‌ఐ గాలి కావాలి. 35 మిల్లీమీటర్ల టైరుకు 50 నుంచి 60 చాలు. ఆ మెత్తదనం గాడినీ గుంతనూ తనలోనే మింగేస్తుంది. సన్న టైరులో గాలి కాస్త తగ్గిందో, గుంతలో పడగానే రిమ్ముకూ నేలకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు రంధ్రాలు పడతాయి. పాము కాటులా ఉంటుంది కాబట్టి సైక్లిస్టులు దాన్ని స్నేక్ బైట్ అంటారు.

టైరు విలువ ఎంతటిదో ఓ పాత పందెం చెబుతుంది. పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగి పారిస్ చేరే 1200 కిలోమీటర్ల పందెం 1891లో మొదటిసారి జరిగింది. గెలిచిన షార్ల్ టెరాన్ దాదాపు 71 గంటల్లో పూర్తి చేశాడు. ఆయన చక్రాలకు ఉన్నవి మిషలిన్ కంపెనీ అప్పుడే తెచ్చిన, ఊడదీసి పంచర్ వేసుకోగలిగిన గాలి టైర్లు. ఆ పందెం వారసత్వం ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరిగే సుదూర సవారీగా కొనసాగుతోంది. 90 గంటల గడువులో దాన్ని ముగించడానికి 2019లో, 2023లో భారత్ నుంచి వందల మంది వెళ్లారు.

ఆ సవారీకి అర్హత సంపాదించే పద్ధతి హైదరాబాద్‌లోనూ ఉంది. హైదరాబాద్ రాండన్యూర్స్ బృందం నిర్వహించే బ్రెవే సవారీల్లో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తి చేస్తే సూపర్ రాండన్యూర్. ఇక్కడ ఒక లెక్క చూడాలి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలతో భాగిస్తే గంటకు 15 కిలోమీటర్ల లోపే. టిఫిన్‌కు ఆగడం, టీకి ఆగడం, పంచర్ వేసుకోవడం అన్నీ ఆ గడువులోవే. అంటే అక్కడ నెగ్గించేది వేగం కాదు, ఆగకుండా తొక్కగలగడం. నడుం నొప్పితో, చేతుల తిమ్మిరితో, లారీ టైర్ల నుంచి రాలిన సన్న ఇనుప తీగలు గుచ్చుకుని మూడో పంచర్‌తో రోడ్డు పక్కన కూర్చునే మనిషి సైకిల్ ఎంత తేలికైనదైతే ఏం లాభం? తేలికపాటి రోడ్ బైక్ మీద కూడా బ్రెవేలు పూర్తి చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అయితే వాళ్లలోనూ అనుభవం పెరిగేకొద్దీ టైరు వెడల్పు చేసుకుని, హ్యాండిల్‌కు ముందు చిన్న సంచి తగిలించుకుని, మంచి లైట్లు పెట్టుకునేవాళ్లే ఎక్కువ. తెలియకుండానే టూరింగ్ వైపు రెండడుగులు వేసినట్టు.

హుషారు, బరువు మోసే సత్తా రెండింటినీ ఒకే సైకిల్‌లో కలపాలన్న కోరిక ఈనాటిది కాదు. ఫ్రాన్స్‌లో 1930లలో, 40లలో దీని కోసం ప్రత్యేకంగా పోటీలే నడిచాయి. మడ్‌గార్డులు, దీపాలు, కేరియర్ అన్నీ ఉండి కూడా ఎంత తేలికగా, ఎంత గట్టిగా సైకిల్ చేయగలరో తేల్చుకునే పోటీలవి. రెనే ఎర్స్, అలెక్స్ సింగర్ లాంటి తయారీదారులు అక్కడే పేరు తెచ్చుకున్నారు. పలుచటి ఉక్కు గొట్టాలు, వెడల్పైనా మెత్తటి టైర్లు వాళ్ల కిటుకు. అమెరికాలో 1976లో, దేశానికి 200 ఏళ్లు నిండిన సందర్భంగా, నాలుగు వేల మందికి పైగా తీరం నుంచి తీరానికి వెళ్లే సైకిల్ దారి పట్టారు. సంచులు తగిలించిన టూరింగ్ సైకిల్‌కు అక్కడ ఆ వేసవితో బాగా పేరు వచ్చింది.

చేవెళ్ల రోడ్డులో ఒక్కసారి తొక్కితే ఈ చరిత్రంతా కాళ్లకు అర్థమవుతుంది. పోలీసు అకాడమీ కూడలి దాటి మొయినాబాద్ మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. దారి పొడవునా దాదాపు 900 మర్రిచెట్లు, వాటిని కాపాడాలని ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. తెల్లవారుజామున ఊడల కిందుగా పోతుంటే చల్లగాలి, పండిన మర్రిపండ్ల వాసన. ఆ దారి మీద ప్రేమ పుట్టని సైక్లిస్టు ఉండడు. కానీ అది ఇరుకు రోడ్డు. కంకర టిప్పరు పక్కనుంచి దూసుకుపోతే గాలి ఒక్క తోపు తోస్తుంది. తారు అంచు దిగి మట్టిలోకి తప్పుకోవాల్సి వస్తుంది. అలాంటప్పుడు సన్న టైరు మట్టిలో కూరుకుని జారుతుంది. వెడల్పు టైరు దిగి, మళ్లీ ఎక్కుతుంది. ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి దీన్ని సౌకర్యం కింద లెక్కించకూడదు.

కొనేటప్పుడు ఎవరూ అడగని చిన్న విషయం ఒకటి ఉంది. గాలి కొట్టే వాల్వు. ఎక్కువ రోడ్ బైకుల ట్యూబులకు పెన్సిల్ మొనలా సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. దాని కొసన ఉన్న చిన్న మరను విప్పితేనే గాలి ఎక్కుతుంది. రోడ్డు పక్క పంచర్ షాపులోని పైపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ బిగిస్తే పడుతుంది. అది కొనడానికి కొద్ది రూపాయలు చాలు, జేబులో లేకపోతే మాత్రం శంకర్‌పల్లి దగ్గర నడక తప్పదు. కారుకూ మోటార్ సైకిల్‌కూ ఉండే లావు వాల్వు ఉన్న సైకిల్‌కు ఏ ఊళ్లోనైనా గాలి దొరుకుతుంది. దూరాలు పోయే చాలామంది ఆ వాల్వునే ఇష్టపడేది అందుకే.

హైదరాబాద్‌లో ఏటా 800 మిల్లీమీటర్ల దాకా కురిసే వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. నిండు మడ్‌గార్డులు బిగించే చోటు లేని సైకిల్ ఆ నాలుగు నెలలూ బాల్కనీలో ఉంటుంది. సైకిల్ మీద పెట్టిన డబ్బులో మూడో వంతు అక్కడే నిలిచిపోయినట్టు.

ఇంతా చెప్పాక రోడ్ బైక్ తప్పుడు ఎంపిక అనుకోవద్దు. వారానికి రెండు రోజులు ట్రాక్ మీద తొక్కేవాళ్లకు, పోటీల్లో దిగాలనుకునేవాళ్లకు, ఆఫీసుకు మెట్రోలో పోయి సైకిల్‌ను వ్యాయామానికే ఉంచుకునేవాళ్లకు అదే సరైనది. ఆ ఉరుకులోని సంతోషం నిజమైనది. దాని కోసం మరో గంట ముందు నిద్రలేచేవాళ్లు ఉన్నారంటే అది చిన్న విషయం కాదు. అలాగే నిండు టూరింగ్ సైకిల్ కూడా అందరికీ అక్కర్లేదు. ఏడాదికి ఒకసారైనా బీదర్‌కో నాగార్జునసాగర్‌కో సంచులతో పోయి రాత్రి బస చేయని మనిషికి నలభై కిలోల సామాను మోసే ఫ్రేము ఎందుకు?

ఐటీ కారిడార్‌లో ఎక్కువమందికి కావలసింది ఈ రెండింటి మధ్యలో ఉంది. ఎండ్యూరెన్స్ రోడ్ అనో, గ్రావెల్ అనో, హైబ్రిడ్ అనో దుకాణాల్లో రకరకాల పేర్లతో దొరుకుతుంది. పేరును నమ్ముకోకుండా సైకిల్ దగ్గర కూర్చుని చూడాలి. వెనక ఇరుసు పక్కన, సీటు కింద కేరియర్ బిగించే మర కన్నాలు ఉన్నాయా? టైరుకూ ఫ్రేముకూ మధ్య చిటికెన వేలు దూరేంత సందు ఉందా? వెనక పెద్ద పళ్ల చక్రానికి ఎన్ని పళ్లు? ఇవి అడిగితే మంచి దుకాణదారు సంతోషంగా చూపిస్తాడు. ఆ తర్వాత రోజూ మోసే ల్యాప్‌టాప్ బ్యాగుతోనే వెళ్లి, దుకాణం ముందున్న రోడ్డు మీద, గుంతలున్న వైపే, రెండు కిలోమీటర్లు తొక్కి చూడాలి. నున్నటి పార్కింగ్ స్థలంలో తొక్కితే ప్రతి సైకిలూ బాగానే ఉంటుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మిగిలే ఆ డబ్బును ఇంకాస్త తేలిక ఫ్రేము మీద కాకుండా మంచి టైర్లు, ముందు వెనక లైట్లు, నిండు మడ్‌గార్డుల మీద పెట్టండి. ఇంట్లో ఒక్క సైకిల్‌కే చోటుంటే 32 మిల్లీమీటర్ల పైన టైరు పట్టేది, కేరియర్ బిగించుకోవడానికి వీలున్నది, వెనక కనీసం 32 పళ్ల చక్రం ఉన్నది చూసి కొనండి. ఆదివారం ట్రాక్ మీద స్నేహితుల కన్నా ఒకటి రెండు నిమిషాలు వెనకబడతారు. సోమవారం ఉదయం మాత్రం అదే సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తారు.